పదిహేడో ఎత్తు

ఈ నెల రోజుల నుంచి నేను ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను. పేపర్లో చదివిన వార్తనే మళ్ళీ మొదటినుంచి చదువుతున్నాను. బాల్కనీలోకి వెళ్ళి, ఎందుకు వచ్చానో గుర్తురాక వెనక్కి వస్తున్నాను. మా ఆయన రెండు రోజులు చూసి మూడో రోజు అడిగేశాడు. "ఏందే, కాలుగాలిన పిల్లి లెక్క ఇల్లంత తిరుగుతున్నవ్? మల్ల నవలేమన్న మొదలువెట్టినవా?" నవల మొదలుపెట్టినప్పుడు నేను ఇట్లాగే తిరుగుతానని ఆయనకు నలభై ఏళ్ళ అనుభవం. ఈసారి మొదలుపెట్టింది నేను కాదు. ఎప్పుడో రాసి, అచ్చువేయించి, నాలుగు శాలువాలు కప్పించుకుని, అలమారలో పెట్టేసిన నా రెండో నవల తనంతట తాను మళ్ళీ మొదలైంది. దాన్ని కదిలించింది అశోక్‌నగర్ హాస్టల్లో ఉండే ఒక పిల్ల.

పేరు మౌనిక. కల్వకుర్తి దిక్కు పల్లె. గవర్నమెంటు ఉద్యోగాల పరీక్షకు చదువుతోంది. నారాయణగూడలో మా ఫ్లాటు ఎక్కడుందో ఎవరినడిగి తెలుసుకుందో మరి, ఒకరోజు పదకొండు గంటల వేళ బెల్లు కొట్టింది. బ్యాగు ముందుకు తగిలించుకుని, చెప్పులు ఓ పక్కగా విడిచి, "నమస్తే మేడం, మీ నవల్ల ఆట గురించి ఒక డౌటుండె" అన్నది. నాకు డౌట్లంటే మహా చిరాకు. "రాజు గుర్రంలా ఎట్లా దూకుతాడు, అదేనా?" అన్నాను కసురుకున్నట్టు. ఆ నవల వచ్చినప్పటి నుంచి నేను విన్నది ఆ ఒక్క డౌటే.

ఆ నవల సంగతి చెప్పకపోతే ఇదంతా అర్థం కాదు. ఇద్దరు స్నేహితులు చదరంగం ఆడతారు. ఒకడు గుమస్తా, ఇంకొకడు బడిపంతులు. ఆటలో ముప్పై ఒక్క ఎత్తులు, నవల్లో ముప్పై ఒక్క అధ్యాయాలు. ప్రతి అధ్యాయం నెత్తిన ఒక ఎత్తు అచ్చేయించాను. మన పాత పద్ధతి ఆటలో రాజుకు ఒక సౌకర్యం ఉంది. ఆట మొత్తం మీద ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. కానీ దానికో షరతు. అప్పటిదాకా ఆ రాజు మీద ఒక్క కిష్త్ కూడా పడి ఉండకూడదు. ఇప్పటివాళ్ళు చెక్ అనేదాన్ని మేము కిష్త్ అనేవాళ్ళం. నా నవల్లో పదిహేడో ఎత్తులో పంతులు రాజుకు కిష్త్ పడుతుంది. ముప్పై ఒకటో ఎత్తులో ఇక చావు తప్పదనగా, ఆ పంతులు ఏమీ ఎరగనట్టు రాజును దూకిస్తాడు. ఆ చిన్న దగాతో మొదలై వాడు స్నేహితుణ్ణి ఎక్కడెక్కడ ఎట్లా ముంచాడన్నదే కథ. ఆ పంతులు కనబడితే చెంప పగలగొడతామని పాఠకులు ఉత్తరాలు రాశారు. నేను మురిసిపోయాను. చదరంగం తెలిసినవాళ్ళు మాత్రం, రాజు ఒక్క గడే కదులుతాడని తెలియకుండా నవలెట్లా రాశావమ్మా అని వెక్కిరించారు. ఇంతకూ ఆ ఆట ఎవరిదని అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు చెప్పాను. పూర్తిగా నా కల్పన. వేదిక ఎక్కిన ప్రతిసారీ అదే మాట.

"దూకుడు నాకెర్కనే మేడం" అన్నది మౌనిక. "మా తాత గట్లనే ఆడుతుండె. నాకు ఆయననే నేర్పిండు. ఫోన్ల ఆడదామంటె రాజును దూకనియ్యది. మీ నవల్ల దూకేసరికి తాత యాదికొచ్చిండు. గందుకే ఒక్కో ఎత్తు కాయితం మీద ఏసుకుంట చదివిన."

"వేసుకుంటే?"

"పదిహేడో ఎత్తుకాడ ఆగిపోయిన. ఆడ కిష్త్ పడది మేడం. మంత్రి పక్కకు ఒంటె వచ్చింది, సరే. గని ఒంటెకూ రాజుకూ నడుమ పంతులుది గుర్రమున్నది. ఆ గుర్రం పంతొమ్మిదో ఎత్తుల గద లేచేది? గప్పటికి ఒంటెనే ఆడ లేదు, ఎనుకకు పోయింది. మీరే రాసిండ్రు."

ఆ తర్వాత బ్యాగులోంచి ఒక జిరాక్సు కాగితం తీసింది. లైబ్రరీలో మధ్యాహ్నం నిద్ర ఆగక, పాత వారపత్రికల బైండ్లు తిరగేస్తుంటే చదరంగం పేజీ కనబడిందట. ఫోనులో ఫొటో తీసి, అశోక్‌నగర్ గల్లీలో జిరాక్సు తీయించి పట్టుకొచ్చింది. "ముప్పై ఎత్తులు మీ నవల్ల ఉన్నట్టే ఉన్నయి. ఒక్క పదిహేడుల 'కిష్త్' అన్న మాట లేదు. ఇది నిజంగ జరిగిన ఆట గద మేడం! చిక్కడపల్లిల ఆడిండ్రట!" పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి. చిక్కు లెక్క తెగినప్పుడు ఏ విద్యార్థికైనా ఉండే సంతోషం అది. నేను కాగితం అందుకున్నాను. ఎత్తుల కింద చిన్న అక్షరాల్లో ఒక ప్రశ్న. చివరి ఎత్తులో నల్లరాజుకు దూకే హక్కు ఉన్నదా, లేదా? సంపాదకుడి జవాబు ఒక్క ముక్క. ఉన్నది, ఇంతవరకు కిష్త్ పడలేదు. పంపినవారి పేరు లేదు. 'ఒక డ్రాయింగు మాస్టారు, దోమలగూడ' అని మాత్రం ఉంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను వెంటనే "ఏమో అమ్మా, ఎక్కడో కలిసి ఉంటుంది" అనేశాను. ముప్పై ఎత్తులు ఎక్కడో కలుస్తాయా? పిల్ల తెలివితక్కువది కాదు. నా మొహం వంక ఒక క్షణం చూసి, ఇంకేమీ అడగకుండా "సరే మేడం" అని లేచింది. కనీసం చాయ్ తాగి వెళ్ళమని కూడా అనలేదు నేను. జిరాక్సు టేబుల్ మీదే వదిలేసి పోయింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది, నేనే దాని చుట్టూ తిరుగుతున్నాను.

అప్పుడు మేము చిక్కడపల్లిలో ఒక గల్లీ చివర కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. ముందు వరండా, దాని వెనక రెండు గదులు, వెనక బాయి. నాయిన నర్సయ్య కరెంటాఫీసులో గుమస్తా. ఆరు రోజులు ఆఫీసులో తల వంచి పనిచేసే మనిషికి ఆదివారం ఒక్కటే పండుగ. పొద్దున్నే వేడినీళ్ళ గ్లాసు పక్కన పెట్టుకుని వరండాలో గడ్డం గీసుకునేవాడు. సబ్బు నురగ వాసనా, అమ్మ కిరసనాయిలు స్టవ్వు వాసనా కలిస్తేనే మాకు ఆదివారం వచ్చినట్టు. పన్నెండు గంటలకు మటన్ కూర, జొన్నరొట్టె. తిన్నాక సరిగ్గా అరగంట నిద్ర. ఆ అరగంట మేము గుసగుసగా మాట్లాడినా ఊరుకునేవాడు కాదు. లేచి, మొహం కడుక్కుని, ట్రంకుపెట్టెలోంచి గుడ్డ తీసి చాప మీద పరిచేవాడు. మాది చెక్క బోర్డు కాదు. ఎర్ర గుడ్డ మీద నల్ల గళ్ళు కుట్టిన చదరంగం. అంచులు అమ్మ కుట్టింది. కుట్టింది కానీ ఆ ఆటంటే ఆమెకు ఒళ్ళుమంట. "నీ ఏనుగులు, గుర్రాలు నా ఇంట్ల గడ్డి తినకున్నా, నా చాయ్‌పత్తి మాత్రం మేస్తున్నయి" అనేది.

రెండు కొడుతుండగా రాజలింగం సార్ దోమలగూడ నుంచి నడిచి వచ్చేవారు. నారాయణగూడలో ఒక బడిలో డ్రాయింగు చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చేతివేళ్ళకు ఎప్పుడూ రంగు మరక, చొక్కా నుంచి సుద్దముక్కల వాసన. మా నాయినకు ఊళ్ళో చుట్టాలు బోలెడుమంది ఉండేవారు, ఆఫీసులో తోటివాళ్ళు ఉండేవారు. కానీ ఆయన నోరు తెరిచి నవ్వింది నేను చూసింది రాజలింగం సార్ ముందే. సార్ నాయినను 'నర్సన్నా' అనేవారు, నాయిన ఆయనను 'లింగం' అనేవాడు. ఆటలో ఉన్నంతసేపూ ఇద్దరూ తిట్టుకునేవారు. "ఏం లింగం, గుర్రాన్ని అమ్ముకున్నవా?" "నీ మంత్రికి మూర్చ వచ్చింది చూసుకో నర్సన్నా." వరండా పక్క నుంచి పోయేవాళ్ళు నిజంగా కొట్లాట అనుకునేవారు.

నిజంగా కొట్లాటలు కూడా అయ్యేవి, అబద్ధమెందుకు! రాజు దూకుడు దగ్గరే అన్నీ. నీ రాజుకు కిష్త్ పడిందంటే పడలేదని, పడలేదంటే పడిందని. ఒకసారి రెండు వారాలు మాట్లాడుకోలేదు. అప్పుడు అమ్మే విసుగెత్తి, "ఎవరో ఒకరు రాసివెట్టుండ్రి, పీడ పోతది" అన్నది. అట్లా ఆ పని నా నెత్తిన పడింది. నాకు అప్పుడు పన్నెండేళ్ళు దాటాయి. నాయిన గళ్ళకు నంబర్లు పెట్టి, ఒక నోటుబుక్కు కొనిచ్చాడు. ఇద్దరూ గుడ్డ మీద చెయ్యి వేసి షర్తు పెట్టుకున్నారు. తగాదా వస్తే ఆట వెనక్కి తిప్పి చూసుకోవద్దు, వాదించుకోవద్దు. బుక్కులో ఏముంటే అదే మాట. "నా బిడ్డ బుక్కు కోర్టు కాయితం కంటె పక్కా" అని నాయిన వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. నేను చాప పక్కన చిన్న పీట మీద కూర్చుని, పెన్సిలు చెక్కుకుని, పెద్ద ఉద్యోగం చేస్తున్నట్టు బిగుసుకుపోయి రాసేదాన్ని. ఏడాదిన్నర పాటు ఒక్క తగాదా లేదు. ఇంట్లో నాకు అంత మర్యాద అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఆ ఆదివారం ఎండ విపరీతంగా ఉంది. ఆట మంచి పట్టు మీద ఉంది, ఇద్దరూ మాటలు మానేశారు. నాకేమో విసుగు. పదహారో ఎత్తు రాసి పెన్సిలు నోట్లో పెట్టుకున్నాను. గల్లీ మొదట్లో సినిమా రిక్షా మైకు వినబడింది. క్రాస్ రోడ్ల హాళ్ళలో కొత్త బొమ్మ పడితే రిక్షాకు అట్టలు కట్టి, మైకులో అరుస్తూ, రంగు కాగితాలు పంచేవారు. ఆ గులాబీరంగు కాగితాలు నేను పుస్తకాల్లో దాచుకునేదాన్ని. మెల్లగా లేచి గేటు దాకా ఉరికాను. కాగితం దొరికింది. తిరిగొచ్చి కూర్చునేసరికి రెండు పక్కల నుంచీ ఒక్కో ఎత్తు పడిపోయింది. వాళ్ళు నేను లేచింది కూడా చూడలేదు. తర్వాత అడిగి రాద్దాములే అని పదిహేడు అంకె వేసి, గీత ఖాళీగా వదిలేశాను. పద్దెనిమిదిలో నాయిన ఒంటెను వెనక్కి తీశాడు. అది రాశాను. తర్వాతవన్నీ రాశాను. ఖాళీ గీత సంగతి మరిచిపోయాను.

ముప్పై ఒకటిలో నాయిన సార్ రాజును మూలకు నెట్టాడు. "అయిపోయింది లింగం, మాత్!" అని తొడ చరుచుకున్నాడు. సార్ చాలాసేపు చూసి, నింపాదిగా రాజును ఎత్తి, గుర్రంలా దూకించి అవతల గడిలో పెట్టారు. అంతే, ఆట తలకిందులైంది. ఇంకో రెండు ఎత్తులైతే నాయిన పనే అయిపోతుంది. ఆ మాత్రం నాకు కూడా తెలుస్తోంది.

"అరే, ఎట్ల దూకుతవ్? నీ రాజుకు కిష్త్ పడ్డది గద!" అన్నాడు నాయిన.

"ఎప్పుడు వడ్డది?"

"నా ఒంటె వచ్చినప్పుడు. మంత్రి పక్కకు."

"పడలే నర్సన్నా."

"పడ్డది. సరోజా, చూడు బిడ్డా."

ఇద్దరూ నా వంక తిరిగారు. నేను బుక్కు తెరిచాను. పదిహేడు అంకె ఉంది, దాని పక్కన ఏమీ లేదు. బుక్కు నా ఒళ్ళో ఉంది, వాళ్ళకు కనబడదు. నేను రాయలేదని, సినిమా కాగితం కోసం లేచిపోయానని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. కానీ కోర్టు కాగితం పరువేం కాను? నాయిన ఒంటె అన్నాడు కాబట్టి ఒంటె, కిష్త్ అన్నాడు కాబట్టి కిష్త్. ఖాళీ గీతను చూస్తూ చదివాను. "పదిహేడో ఎత్తు. నాయిన ఒంటె, మంత్రి పక్క గడి. కిష్త్."

రాజలింగం సార్ నా మొహంలోకి చూశారు. కోపంగా కాదు. బొమ్మ గీయబోయే ముందు చూసినట్టు చూశారు. "బుక్కుల ఉంటె ఉన్నట్టే" అని, తన రాజును పడుకోబెట్టారు. అక్కడితో అయిపోయేదే. కానీ నాయిన గెలుపు మీదున్నాడు, నోరు ఆగలేదు. "ఎరికుండి దూకినవ్ లింగం. నాతోని దగా చేస్తవా?" అన్నాడు. అమ్మ చాయ్ గ్లాసులతో గడపలో నిలబడిపోయింది. సార్ లేచారు, చెప్పులు వేసుకున్నారు, గేటు తీసుకుని వెళ్ళిపోయారు. నేను లోపలికి పోయి ఆ గీతలో పెన్సిలుతో 'ఒంటె, కిష్త్' అని రాసి పూర్తిచేశాను. గులాబీ కాగితం మాత్రం దాచుకోలేదు, చింపి పొయ్యిలో వేశాను. అంటే నాకు అప్పుడే తెలుసు.

తర్వాతి ఆదివారం సార్ రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. నాయిన అరగంట నిద్ర లేచి, గుడ్డ పరిచి, రెండు వైపులా పావులు పేర్చి, వరండాలో కూర్చునేవాడు. నాలుగింటికి తీసేసేవాడు. ఏడాది దాటినా అది మానలేదు. ఆయనది మొండితనమనీ, సార్ వచ్చి తప్పు ఒప్పుకోవాలని ఎదురుచూస్తున్నాడనీ నేను అనుకునేదాన్ని. మా ఇంటికి వారపత్రిక వచ్చేది. అంతకుముందు నాయిన అందులో మొదట తిప్పేది చదరంగం పేజీయే. ఆ రోజు నుంచి ఆ పేజీ రాగానే చదవకుండా తిప్పేసేవాడు. మౌనిక తెచ్చిన జిరాక్సు చూశాక తెలిసింది. ఆ జవాబు మా ఇంట్లోకి వచ్చింది, వరండాలో పడి ఉంది, ఏదో ఒకరోజు అమ్మ దాన్ని చింపి పోపుడబ్బా కింద పరిచింది.

నాయిన ఇంకెవరితోనూ ఆడలేదు. పక్కింటివాళ్ళు అడిగినా ఆడలేదు. కొన్నాళ్ళకు మేము ఇల్లు మారాం. నాకు పెళ్ళయింది, ఉద్యోగం వచ్చింది, రచయిత్రినయ్యాను. ముప్పై దాటాక ఒకరోజు ఆ నోటుబుక్కు దొరికితే, ఇందులో నవల ఉంది కదా అనిపించింది. రాయడం మొదలుపెట్టేసరికి నాకు నేను ఒక కథ చెప్పుకుని ఉన్నాను. ఆ రోజు నేను నాయిన కోసం అట్లా చెప్పాననీ, ఏ కూతురైనా చెబుతుందనీ, అసలు కిష్త్ పడే ఉంటుందనీ. పంతులును దగాకోరును చేసేస్తే నా పెన్సిలు గీత నిజమైపోతుంది కదా! అచ్చయినదాన్ని ఎవరు కాదంటారు? నాయిన ఆ నవల చదివాడు. పుస్తకం మూసి, "బాగుంది బిడ్డా" అని, కళ్ళద్దాలు తుడుచుకుంటూ లోపలికి పోయాడు. నేను దాన్ని మెచ్చుకోలు కిందే వేసుకున్నాను. ఇరవై ఏళ్ళయింది ఆయన పోయి.

సార్ కోడలు పద్మ నాకు నారాయణగూడ కూరగాయల మార్కెట్లో అప్పుడప్పుడు కనబడుతూనే ఉంటుంది. హైదర్‌గూడలో ఉంటున్నారు. "మామ బాగనే ఉన్నడు అక్కా, తొంభై దాటినయి" అని తనంతట తనే చెబుతుంది. నేను బీరకాయల ధర అడిగి మాట మార్చేదాన్ని. ఇన్నేళ్ళూ అదే పని. మౌనిక వచ్చి వెళ్ళాక మూడుసార్లు చీర మార్చుకుని బయలుదేరాను. ఒకసారి లిఫ్టు దగ్గర నుంచి, ఒకసారి ఫ్లైఓవర్ కింద నుంచి, ఇంకోసారి వాళ్ళ గల్లీ మొగదల నుంచి తిరిగి వచ్చేశాను. నడిచే దూరమే. మా చిన్నప్పుడు సార్ దీనికి రెండింతలు, ఎండలో, ప్రతి ఆదివారం నడిచేవారు. ఇప్పుడు ఆ దారిలో మా పాత ఇల్లు లేదు, దాని స్థానంలో కోచింగు సెంటరు లేచింది. మెట్ల మీద మౌనికలాంటి పిల్లలు వందమంది కూర్చుని ప్రశ్నలకు నాలుగు జవాబుల్లో ఒకటి టిక్కు పెట్టుకుంటున్నారు. తప్పుకు మార్కు తీసేస్తారట. మా రోజుల్లో తప్పుకు అట్లా తీసేసేవాళ్ళు లేరు, నేను హాయిగా పెద్దదాన్నయ్యాను.

నాలుగోసారి వెళ్ళాను. పద్మ తలుపు తీసి, నన్ను చూసి ఆశ్చర్యపోయి, లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. సార్ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. చూపు తగ్గింది, వేళ్ళతో తడిమి తీస్తున్నారు. "మామా, నర్సయ్య తాత బిడ్డ వచ్చింది, సరోజక్క" అని పద్మ గట్టిగా చెప్పింది. "చెవులు మంచిగనే ఉన్నయి, మొత్తుకోకు" అన్నారాయన. "రా బిడ్డా, కూసో."

నేను కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ బీరకాయల ధర మాట్లాడతానని భయం. నిలబడే చెప్పేశాను. "సార్, ఆ దినం కిష్త్ పడలేదు. నేను రాయనే లేదు, సినిమా రిక్షా కాడికి ఉరికిన. ఖాళీ గీత చూసి అబద్ధం చదివిన."

సార్ ఒక చిక్కుడుకాయ ఈనె తీసి పళ్ళెంలో వేశారు. "నా రాజుకు కిష్త్ వడ్డదో లేదో నాకెర్క లేదా బిడ్డా?"

"మరి ఎందుకు ఒప్పుకున్నరు?"

"బుక్కు మాటే మాటని షర్తు వెట్టుకున్నం గద. ఓడిపోతే షర్తు తప్పాల్నా?"

"పత్రికకు పంపింది మీరే కదా సార్?"

"ఔ. కోపమొచ్చి పంపిన. ఎక్కడన్న ఒక్కకాడ నిజముండాలె గద అని. గది నీకెట్ల దొరికింది?" మౌనిక సంగతి చెప్పాను. ఆయన ముసిముసిగా నవ్వారు. "ఒంటెకు అడ్డం గుర్రమున్నదని కనిపెట్టిందా? ఆ పొల్లకు నౌకరి వస్తది పో."

నా నవల చదివారా అని నేను అడగకముందే ఆయనే అన్నారు. "నీ నవల చదివిన. రెండుసార్లు చదివిన. మంచిగ రాసినవ్. ఆ పంతులు మీద నాకే కోపమొచ్చింది."

నేను ఏడ్చేశాను. క్షమించమన్నాను. తొంభై ఏళ్ళ మనిషి ముందు అరవై ఎనిమిదేళ్ళ మనిషి పద్నాలుగేళ్ళ పిల్లలా వెక్కివెక్కి ఏడుస్తుంటే పద్మ వచ్చి మంచినీళ్ళిచ్చింది. సార్ చేతిలో పని ఆపారు.

"నాకేమైంది బిడ్డా? ఆ ఆట నేను గెలిచిన్నని నాకెర్క. నిమ్మలంగనే ఉన్న. పరేషాన్ అయింది మీ నాయిన. ఆర్నెల్ల తర్వాత దోమలగూడ వచ్చిండు, ఎర్కనా నీకు?"

తెలియదు. ఆ మాట నేను మొదటిసారి వింటున్నాను.

"వచ్చి అరుగు మీద కూసున్నడు. 'లింగం, ఒక్క మాట చెప్పు. నువ్వు దగా చెయ్యలేదను, నేను నమ్ముత' అన్నడు. నేనేమనాలె? చెయ్యలేదంటె నీ బిడ్డ అబద్ధమాడిందని నా నోటితోని చెప్పినట్టయితది. ఆయనకేమో నువ్వంటె పానం. నేను బళ్ళె పిల్లలకు చదువు చెప్పేటోన్ని, పద్నాలుగేండ్ల పొల్లను తండ్రి ముంగట దొంగను చేస్తనా? గందుకే 'చేసిన నర్సన్నా, నాదే తప్పు' అని ఒప్పుకున్న."

"నాయిన ఏమన్నడు?" అని అడిగాను.

"నవ్విండు. 'ఒక్క ఆట కోసం గింతనా లింగం, పోనీ తియ్' అన్నడు. 'ఐతారం రా, ఎదురుచూస్త' అన్నడు. నేనే పోలే బిడ్డా. చెయ్యని తప్పుకు మాఫీ తీసుకొని, ఆ మనిషి ఎదురుంగ ఎట్ల కూసుంట? పోదామని శానసార్ల అంగీ తొడుక్కున్న. కాళ్ళు రాలే."

నాయిన మొండితనంతో కూర్చోలేదన్నమాట. క్షమించేసి, పావులు పేర్చుకుని, పిలిచిన స్నేహితుడి కోసం కూర్చున్నాడు. దగా చేసినవాణ్ణయినా సరే కావాలనుకున్నాడు, వాడు రాలేదు. ఆ తర్వాత తన బిడ్డ ఆ స్నేహితుణ్ణే దగాకోరును చేసి పుస్తకం రాసి చేతికిస్తే, చదివి, బాగుంది బిడ్డా అన్నాడు. ఇన్నేళ్ళూ నేను సార్‌కు అన్యాయం చేశాననుకుని తప్పించుకు తిరిగాను. నాయినకున్న ఒకే ఒక్క స్నేహితుణ్ణి తీసేసింది నేనని ఒక్కనాడు తోచలేదు.

నవల మళ్ళీ అచ్చువేస్తామంటున్నారు, పదిహేడో అధ్యాయం మార్చేస్తానని సార్‌తో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "దాన్ని గెల్కకు. ఆ పంతులు దగా చేస్తెనే ఆ ముచ్చట నడుస్తది. మనది వేరేగ రాసుకో" అన్నారు. ఇంటికి వచ్చి, జిరాక్సు వెనక రాసి ఉన్న నంబరు చూసి మౌనికకు ఫోను చేసి, నువ్వు చెప్పిందే నిజమనీ, ఒకరోజు చాయ్‌కి రమ్మనీ అన్నాను. పరీక్ష అయినంక వస్త మేడం అన్నది. ఈ పేజీలు రాయడం మొదలుపెట్టాను. రాస్తే నెమ్మదిస్తుందనుకున్నాను, నెమ్మదించలేదు. సార్‌కు చెప్పాను, మౌనికకు చెప్పాను, మా ఆయనకు చెప్పాను, ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాను. చెప్పాల్సిన మనిషి మాత్రం లేడు.

నాయినా, నీ లింగం దగా చెయ్యలేదు. నేనే చూడలేదు.